అమ్మ స్కానింగ్ సంగతి

కావలి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనా,

జవాబు రాయడానికి రెండు నెలలు పట్టింది, కోపం తెచ్చుకోకు. రొయ్యల గుంటలు బాగున్నాయి, చిన్నోడు పదో తరగతికి వచ్చాడు. మిగతావి తర్వాత. ముందు అమ్మ సంగతి చెప్పాలి.

కడుపునొప్పి తగ్గడం లేదని బుధవారం నెల్లూరు తీసుకెళ్లాను. సీటీ స్కాన్ తీయాలి, లోపలివి స్పష్టంగా కనబడటానికి నరంలోకి కాంట్రాస్ట్ అనే మందు ఎక్కించాలి అన్నారు. కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియడానికి రక్తంలో క్రియాటినిన్ చూశారు, బాగానే ఉంది. సంతకం పెట్టేముందు, "అమ్మకు రొయ్యలు పడవు, ఇందులో అయోడిన్ ఉంటుందటగా?" అన్నాను. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది: రొయ్యల్లో పడనిది వాటి కండలోని ప్రోటీన్, అయోడిన్ కాదు. దానికీ దీనికీ సంబంధం లేదు. "ఈ మందు ఇంతకుముందు ఎక్కించారా? అప్పుడేమైనా రియాక్షన్ వచ్చిందా?" అని అడిగింది. అమ్మ లేదంది, నేనూ లేదన్నా.

మందు ఎక్కుతుంటే ఒళ్లంతా వేడెక్కుతుంది, భయపడొద్దని ముందే చెప్పారు. స్కాన్ అయిపోయి బెంచీ మీద కూర్చున్నాం. అమ్మ మెడ గీరుకుంది. శనగ గింజంత దద్దు, చూస్తుండగానే రూపాయి బిళ్లంత అయింది. పెదవులు ఉబ్బాయి. "గొంతు పట్టేస్తోంది రా" అంది, ఆ గొంతు అమ్మది కాదు. ఎలా అరిచానో నాకే తెలియదు. సిస్టర్ పరుగెత్తుకొచ్చి పడుకోబెట్టి, కాళ్లు పైకెత్తి, తొడకి అడ్రినలిన్ సూది ఇచ్చేసింది. ఆక్సిజన్, సెలైన్. పై బీపీ 80 అని కనిపిస్తుంటే నా కాళ్లు ఆడలేదు. కాసేపటికి గొంతు తేటపడింది. మొదట అడిగిందేంటో తెలుసా? "గొడుగు మర్చిపోలేదు కదా?" నీకొక్కడికే అర్థమవుతుంది. ఏడుస్తూ నవ్వాను రా.

మళ్లీ తిరగబెట్టొచ్చని ఆ రాత్రి అక్కడే ఉంచారు. అప్పుడు చెప్పింది అమ్మ. మూడేళ్ల కిందట ఒంగోలులో స్కాన్ తీసినప్పుడూ ఒళ్లంతా దురద పుట్టిందట, ఏదో సూది వేశారట. ఎండకేమో అనుకుందట! ఆ కాగితాల్లో ఎక్కడా రాసి లేదు. అసలు అడగాల్సింది అదే కదా, నేనేమో రొయ్యల గురించి...

ఇప్పుడు మందు పేరు, తేదీ, ఏం జరిగిందో కార్డు మీద రాసి అమ్మ పర్సులో పెట్టా. ఇంకోసారి తప్పనిసరైతే వేరే కాంట్రాస్ట్ వాడతారట, 13 గంటల ముందు నుంచే స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారట. కడుపులో ఏముందంటే, గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, అది వేరే కథ.

మీ నాన్నకి ఆంజియోగ్రాం అన్నావుగా. అక్కడ ఎక్కించేదీ అయోడిన్ మందే. పక్కన కూర్చోబెట్టి అడుగు. రియాక్షన్ వచ్చిందా అని అడగొద్దు, అమ్మలాగే లేదంటాడు. స్కాన్ తీసినప్పుడు దురద పుట్టిందా, దద్దుర్లు లేచాయా, సూది వేశారా అని అడుగు. అడిగి నాకు...

కరెంటు పోయింది. ఏరేటర్లు ఆగిపోయాయి, జనరేటర్ వెయ్యాలి. గుంట దగ్గరికి పోతున్నా.

నీ
రమణ