కంటి నరానికి క్యారెట్ కాదు, తోటకూర

సంపాదకులకు,

కంటి ఆరోగ్యం మీద ఎక్కడ వ్యాసం వచ్చినా పక్కన క్యారెట్ బొమ్మ ఉండాల్సిందే. క్యారెట్ మీద మాకేమీ కోపం లేదు. అందులోని బీటా కెరోటిన్ విటమిన్ ఏగా మారి రేచీకటి రాకుండా కాపాడుతుంది. కానీ నీటికాసుల జబ్బులో, అంటే గ్లాకోమాలో, దెబ్బతినేది వేరే చోట. రెటీనాలో, అంటే కంటి లోపలి వెనక తెరలో, గాంగ్లియాన్ కణాలనే నాడీ కణాలుంటాయి. ఒక్కో కంట్లో సుమారు పది లక్షలు. వాటి తీగలన్నీ కలిసి పేనుకుంటేనే కంటి నరం. అవి ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. చుక్కల మందైనా, ఆపరేషనైనా, తిండైనా మిగిలినవాటిని నిలబెట్టుకోవడానికే.

తిండికీ ఈ కణాలకూ సంబంధం ఏమిటంటే, కంటి లోపల ఉన్నంతమేర ఆ తీగలకు పైతొడుగు ఉండదు. తొడుగు లేని తీగలో సంకేతం నడవాలంటే శక్తి చాలా ఖర్చవుతుంది. రక్తం సరిగా అందకపోయినా, శక్తి తయారీకి కావలసిన విటమిన్లు తగ్గినా ముందు నష్టపోయేది ఇవే. అమెరికాలో వేలాది నర్సులు, వైద్య వృత్తిలోని వారి ఆహారాన్ని ఏళ్ల తరబడి గమనించి 2016లో ఒక పరిశోధన ప్రచురించారు. ఆకుకూరలు బాగా తిన్నవారిలో గ్లాకోమా 20 నుంచి 30 శాతం తక్కువగా కనిపించింది. ఆకుల్లోని నైట్రేట్ ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి రక్తనాళాలను సడలిస్తుంది, నరానికి రక్తం బాగా అందుతుంది అన్నది దీనికి చెప్పే కారణం. ఆకుకూర తినేవాళ్లకు ఇతర మంచి అలవాట్లూ ఉండొచ్చు కాబట్టి ఘనతంతా ఆకుదేనని మేము అనం. అయినా రైతు బజారులో అంత చవగ్గా దొరికేదాన్ని వదులుకోవడానికి కారణమూ కనబడదు.

రెటీనా నడిబొడ్డున ఉండి ఎదురుగా ఉన్నదాన్ని చూపించే మాక్యులాను కాపాడే లూటీన్ అనే పసుపు రంగు పదార్థం సంగతీ అంతే. 100 గ్రాముల పచ్చి పాలకూరలో అది సుమారు 12 మిల్లీగ్రాములుంటే, క్యారెట్‌లో అర మిల్లీగ్రాము కూడా ఉండదు.

అసలు చిక్కు వంటింట్లో ఉంది. మనిషికి రోజుకు 100 గ్రాముల ఆకు కావాలి. తరిగాక అది రెండు దోసిళ్లు. ఆరుగురు తినే పప్పులో ఒక్క కట్ట వేస్తే తలకు రెండు చెంచాలు కూడా రాదు. ఇక నైట్రేట్, ఫోలేట్, బీ విటమిన్లు నీళ్లలో కరిగేవి. ఆకు ఉడకబెట్టి నీళ్లు వార్చేస్తే సింకులో పోసినట్టే. లూటీన్ అలా కాదు, నూనెలో కరుగుతుంది. నూనె చుక్క లేకుండా ఉడికించిన ఆకు తింటే అది ఒంటికి సరిగా పట్టదు. కాబట్టి ఆకును కట్టగా ఉన్నప్పుడే రెండు మూడు నీళ్లలో కడిగి, ఆ తర్వాత తరగాలి. కందిపప్పు కుక్కర్లో విడిగా ఉడికించుకోవాలి. ఆకును మూతపెట్టి, దాని తడితోనే ఐదారు నిమిషాలు మగ్గనిచ్చి, ఊరిన నీటితో సహా పప్పులో కలిపేయాలి. రెండు చెంచాల నూనెతో తిరగమాత పెడితే పని పూర్తయినట్టే. రంగు చెడకూడదని కొందరు చిటికెడు వంటసోడా వేస్తారు. రంగు నిలుస్తుంది, విటమిన్ సీ పోతుంది. గోంగూర పప్పుదీ ఇదే లెక్క, నిలవ పచ్చడిది కాదు. పచ్చడిలో తినే ఆకు కొంచెం, ఉప్పు బోలెడు. గుంటూరులో ఉండి ఈ మాట అనడం సాహసమేనని తెలుసు.

గుడ్డు తినేవాళ్లు పచ్చసొన పారేయనక్కర్లేదు. అందులో లూటీన్ తక్కువే అయినా, అక్కడి కొవ్వు వల్ల ఆకులోని లూటీన్ కూడా బాగా ఒంటబడుతుంది.

ఆకులో దొరకనిది బీ12. ఇది లోపిస్తే కంటి నరం నేరుగా దెబ్బతింటుంది. నొప్పి ఉండదు. రెండు కళ్లలోనూ ఎదురుగా ఉన్నది మసకబారుతుంది, రంగులు వెలిసినట్టుంటాయి. కల్లంలో ఆరబోసిన మిరపకాయలు పాతవాటిలా పాలిపోయి కనిపిస్తున్నాయంటే అద్దాలు మార్చుకోవడంతో సరిపెట్టకూడదు. శాకాహారులు, షుగర్‌కు ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, చుట్ట తాగేవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు బీ12 పరీక్ష చేయించుకోవాలి. తొందరగా పట్టుకుంటే ఇంజెక్షన్లతో చూపు చాలావరకు తిరిగొచ్చే అవకాశముంది. ఏళ్లు గడిస్తే రాదు.

ఇప్పుడు బీ3 మాత్రల మోజు మొదలైంది. 2017లో ఎలుకల మీద జరిగిన పరిశోధనలో నికోటినమైడ్ అనే బీ3 రూపం గాంగ్లియాన్ కణాలను కాపాడింది. మనుషుల మీదా ప్రయోగాలు సాగాయి, రోజుకు 3 గ్రాముల దాకా ఇచ్చారు. అంత బీ3 తిండిలో రావాలంటే ఎంత తినాలో చూడండి. 100 గ్రాముల వేరుశనగ గింజల్లో సుమారు 12 మిల్లీగ్రాములే ఉంటుంది, అంటే రోజుకు పాతిక కిలోలు! పల్లీ చట్నీ రోజువారీ అవసరం తీరుస్తుంది, మందు పని చేయదు. పోనీ మాత్రలే మింగుదామంటే, ఆ మోతాదు కాలేయాన్ని దెబ్బతీయొచ్చు. పైగా దుకాణంలో నికోటినమైడ్ బదులు నియాసిన్ ఇస్తే ఒళ్లంతా ఎర్రబడి మంటలు పుడతాయి. డాక్టరు రాసి, రక్తపరీక్షలతో కనిపెడుతుంటే తప్ప జోలికి పోవద్దు. మాక్యులా జబ్బుకు ఇచ్చే లూటీన్–జింక్ మాత్రలు గ్లాకోమాకు మందు కావు. పొగతాగేవాళ్లు, మానేసినవాళ్లు బీటా కెరోటిన్ కలిపిన మాత్రలు అసలు వాడకూడదు, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది.

వార్ఫరిన్, ఎసిట్రామ్ వంటి రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఆకుకూర ఒక్కసారిగా పెంచితే అందులోని విటమిన్ కే మందును పనిచేయనివ్వదు. మానేయనక్కర్లేదు, రోజూ ఒకే మోతాదులో తింటూ ఆ సంగతి డాక్టరుకు చెబితే మందు దానికి తగ్గట్టు సరిచేస్తారు. కిడ్నీ జబ్బున్నవాళ్లు అడిగి తినాలి.

ఇక మా అసలు విన్నపం. పరగడుపున లీటరు, లీటరున్నర నీళ్లు గటగటా తాగే ఉషఃపానం ఇక్కడ చాలా ఇళ్లలో ఉంది. నీటికాసులు ఉన్నవారికి ఇది మంచిది కాదు, కంటి లోపలి ప్రెషర్ పెరిగితే వారి కంటి నరం ఇంకా దెబ్బతింటుంది. ఐదు నిమిషాల్లో లీటరు నీళ్లు తాగించి కంటి ప్రెషర్ ఎంత పెరుగుతుందో చూడటం కంటి వైద్యంలో పాతకాలపు పరీక్ష. అదే పరీక్షను రోజూ ఇంట్లో చేసుకోవడం దేనికి? బెజవాడ ఎండల్లో నీళ్లు తగ్గించమని కాదు, అన్ని నీళ్లూ తాగండి, కాకపోతే గంటకో గ్లాసు చొప్పున. ఆరోగ్య చిట్కాల్లో ఈ సలహా వేసినప్పుడు ‘నీటికాసులు ఉన్నవారు మినహా’ అనే మూడు మాటలు చేర్చాలని మనవి.

– ఒక నేత్ర వైద్యుడు, ఒక పోషకాహార నిపుణురాలు
బ్రాడీపేట, గుంటూరు