పాదం ఎక్స్‌రే నిలబెట్టి తీయండి

సంపాదకులకు నమస్కారం.

కాలి బొటనవేలి మొదట్లో ఎముక ఉబ్బి, వేలు పక్కకి వాలిపోయే సమస్య మన ఆడవాళ్లలో ఎంతమందికి ఉందో పేరంటంలో పాదాలకు పసుపు రాసేటప్పుడు చూస్తే తెలుస్తుంది. డాక్టర్లు దీన్ని బనియన్ అంటారు. నేను తెనాలిలో స్కూల్ టీచర్‌ని, రోజంతా నిలబడి పాఠం చెప్పే పని. ఈ జబ్బును ఎలా నిర్ధారించాలో, ఎలా నిర్ధారించకూడదో రెండూ నా కాలి మీదే చూశాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదట చూపించుకున్న చోట చెప్పులు విప్పమని కూడా అనలేదు. వేలి దగ్గర నొప్పి, వాపు అనగానే యూరిక్ యాసిడ్ పరీక్ష రాశారు. అది కాస్త ఎక్కువ వచ్చిందని గౌట్ (యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే వాపు) అన్నారు, మాత్రలిచ్చారు, పప్పు మానేయమన్నారు. బల్ల మీద కూర్చోబెట్టి ఎక్స్‌రే తీసి, ఎముక బాగానే ఉందన్నారు. నెలల తరబడి మాత్రలు మింగినా వేలు వాలడం ఆగలేదు.

గౌట్ చాలావరకు రాత్రికి రాత్రే వస్తుంది. కీలు ఎర్రబడి, వేడెక్కి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి. యూరిక్ యాసిడ్ ఎక్కువున్న వాళ్లందరికీ గౌట్ ఉండదు, గౌట్ తిరగబెట్టినప్పుడు పరీక్ష మామూలుగా రావడమూ ఉంది. బనియన్ మాత్రం ఏళ్ల మీద మెల్లగా పెరుగుతుంది. ఎప్పటి నుంచి, ఎలా మొదలైందని అడిగితే చాలు, సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

తర్వాత గుంటూరులో ఒక ఎముకల డాక్టర్‌కి చూపించాను. ఆయన అడిగిన మొదటి మాట, "మీ అమ్మగారికి ఉందా?" ఉంది, అమ్మమ్మకీ ఉండేది. చెప్పులు విప్పించి, కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకోమని, గచ్చు మీద నిలబెట్టారు, నడిపించారు. బొటనవేలిని పైకీ కిందికీ వంచి ఎంతవరకు కదులుతోందో, ఎక్కడ నొప్పి పుడుతోందో చూశారు. అరికాల్లో రెండో వేలి కింద కాయ కాసిన చోట నొక్కి, బొటనవేలు మోయాల్సిన బరువు ఇక్కడ పడుతోందన్నారు. షుగర్ ఉందని చెప్తే పాదం మీద నాడి చూసి, సన్నటి నైలాన్ తీగ తాకిస్తూ స్పర్శ తెలుస్తోందా అని అడిగారు. నా చెప్పులు కూడా తిరగేసి చూశారు.

ఎక్స్‌రే చీటీ మీద "నిలబడి" అని రాసి కింద గీత గీశారు. ఎక్స్‌రే గదిలో మెట్టెలు తీయమంటే, రెండో వేలిది సబ్బు రాస్తే గానీ రాలేదు. బొటనవేలు దాని మీదకి అంతగా ఒరిగిపోయింది. ఫిల్మ్ వచ్చాక డాక్టర్ గారు వేలి ఎముక మధ్య నుంచి ఒక గీత, దాని వెనక పాదం ఎముక మధ్య నుంచి ఇంకో గీత గీసి కోణం కొలిచారు. 15 డిగ్రీల లోపు మామూలేనట, 40 దాటితే బాగా ముదిరినట్టు. నాది 32. ఒంటి బరువు పడినప్పుడే పాదం ముందు ఎముకలు విచ్చుకుని వంకర ఎంతుందో తెలుస్తుంది, కూర్చోబెట్టి తీస్తే తక్కువగా కనిపిస్తుంది. నా పాత ఎక్స్‌రే పక్కన పెట్టి చూపిస్తే నాకే అర్థమైంది. అయితే ఆపరేషన్ కోణం చూసి కాదు, నొప్పినీ నడకనీ చూసి చేస్తామని కూడా చెప్పారు.

నిలబెట్టి తీయడానికి కొత్త మిషన్ అక్కర్లేదు. ఎక్కి నిలబడడానికి గట్టి పీట, పట్టుకోవడానికి ఏదో ఒక ఆసరా ఉంటే చాలు. ప్రభుత్వాసుపత్రుల ఎక్స్‌రే గదుల్లో ఈ ఏర్పాటు చేయాలని వైద్యాధికారులను కోరుతున్నాను. చీటీ రాసే డాక్టర్లు ఆ ఒక్క మాటా చేర్చాలి. వేలు తిన్నగా చేస్తాయంటూ ఆన్‌లైన్‌లో అమ్మే పట్టీలు కొనుక్కునే ముందు, షుగర్ ఉన్నవాళ్లయితే మరీ ముఖ్యంగా, ఒకసారి పాదం డాక్టర్‌కి చూపించుకోండి. మీ ఆరోగ్యం పేజీలో ఈ పరీక్షల గురించి ఎముకల డాక్టర్ చేత బొమ్మలతో రాయించగలరని మనవి.

— ఒక స్కూల్ టీచర్, తెనాలి