ఆ 348 మాకు వర్తించదా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎంపీల జీతభత్యాల మీద పత్రికలకు వచ్చే ఉత్తరాలన్నీ దాదాపు ఒకే మాట చెబుతుంటాయి, తగ్గించండి అని. నేను ఆ మాట అనను. బస్సు కండక్టరుగా కోనసీమ రోడ్ల మీద సర్వీసంతా గడిపి అంబాజీపేటలో రిటైరైనవాణ్ణి. జీతం చాలని ఉద్యోగంలో ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు. ఎంపీకి పాతిక వేలే ఇస్తామంటే రేపు పోటీకి నిలబడేది రొయ్యల చెరువులున్నవాళ్లో, కాంట్రాక్టులున్నవాళ్లో మాత్రమే. ఇప్పుడూ వాళ్లే ఎక్కువ, అది వేరే సంగతి. సుందరయ్య గారిలా సైకిలు మీద పార్లమెంటుకు వెళ్లమని ఇప్పటివాళ్లను అడగడంలోనూ అర్థం లేదు.

నేను అడిగేది ఒక్క లెక్క గురించి. ఎంపీల పింఛను పెంచే లెక్కతోనే మా పింఛనూ పెంచమని.

2025 మార్చి 24న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ఎంపీ జీతం లక్ష నుంచి 1,24,000 అయింది. మాజీ ఎంపీ పింఛను 25,000 నుంచి 31,000కు పెరిగింది. రోజు భత్యం 2,000 ఉన్నది 2,500 చేశారు. అదీ 2023 ఏప్రిల్ 1 నుంచి లెక్కగట్టి, బకాయిలతో సహా. మా పెన్షనర్ల మీటింగులో చాలామంది మండిపడ్డారు. నేను మాత్రం కాగితం తీసి భాగహారం వేశాను. టిక్కెట్లు కొట్టిన చెయ్యి కదండీ, అంకె కనబడితే ఊరుకోదు.

అంతకుముందు ఎంపీలు తమ జీతం పెంచుకోవాలంటే తామే సభలో బిల్లు పెట్టుకునేవారు. 2010లో 16,000ను 50,000 చేసుకున్నారు. కార్యదర్శి స్థాయి అధికారి కంటే ఒక్క రూపాయి ఎక్కువ ఉండాలని 80,001 అడిగింది కూడా అప్పుడే. జనం తిట్టిపోశారు. ఆ గొడవ లేకుండా 2018 బడ్జెట్‌లో అరుణ్ జైట్లీ గారు ఒక ఏర్పాటు చేశారు. ఐదేళ్లకోసారి ధరలను బట్టి జీతం దానంతటదే పెరిగేలా కాస్ట్ ఇన్‌ఫ్లేషన్ ఇండెక్స్ అనే ధరల సూచీకి ముడిపెట్టారు. స్థలమో కొబ్బరి తోటో అమ్మి పన్ను కట్టినవాళ్లకు ఈ సూచీ తెలుసు. ఆదాయపన్ను లెక్కల కోసం ఏటా ప్రకటిస్తారు. 2018-19లో అది 280, 2023-24లో 348. భాగిస్తే పెరుగుదల 24 శాతం పైచిలుకు. లక్ష మీద 24 వేలు, పాతిక వేల మీద ఆరు వేలు. జీతం దగ్గర కాస్త కిందికి సర్దారు, రోజు భత్యం దగ్గర కాస్త పైకి. అంతే. దోపిడీ ఏమీ లేదు.

నన్నడిగితే ఇది మంచి పద్ధతి. ధర్నా చెయ్యక్కర్లేదు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు, తేదీ రాగానే పెరుగుతుంది. అందుకే అది మాకూ కావాలంటున్నాను.

మాది ఈపీఎస్-95, అంటే పీఎఫ్ కట్టే ఉద్యోగుల పింఛను పథకం. 1995 నవంబరు 16న మొదలైంది. యాజమాన్యం కట్టే వాటాలోంచి జీతంలో 8.33 శాతం నెలనెలా అందులోకి వెళ్లేది. పదేళ్ల సర్వీసు లేకపోతే నెలనెలా పింఛను రాదు. కనీస పింఛను వెయ్యి రూపాయలని 2014 సెప్టెంబరు నుంచి అమలు చేశారు. ఆ వెయ్యి తర్వాత పెరగలేదు. కరువు భత్యం అసలే లేదు. నాకు మూడు వేల లోపు వస్తుంది. కొడుకు చూసుకుంటున్నాడు కాబట్టి గడిచిపోతోంది. మా వీధిలో పీచు ఫ్యాక్టరీలో పనిచేసి మానేసిన ఒకావిడ ఉంది. ఆవిడకు వచ్చేది ఆ వెయ్యే. దానికి ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. పీచు లాగి లాగి అరిగిపోయిన వేళ్లకు మిషన్ మీద ముద్ర పడదు. కంటిపాప తీసే మిషన్ కోసం ఆటో కట్టించుకుని అమలాపురం వెళ్లాలి. బతికే ఉన్నానని చెప్పుకోవడానికి అయిన ఖర్చు ఆ నెల పింఛనులోంచే పోతుంది.

"ఎంపీ గారైనా పదేళ్లు చెయ్యాలాండీ అన్నయ్య గారూ?" అని ఓసారి అడిగింది. చెయ్యక్కర్లేదమ్మా అన్నాను. 2004 సవరణ తర్వాత ఇన్నాళ్లు ఉండాలన్న షరతే లేదు. సభ్యుడిగా ఎన్నాళ్లున్నా 31,000 వస్తుంది. ఐదేళ్లు దాటాక ప్రతి ఏడాదికీ నెలకు మరో 2,500 కలుస్తుంది. ఎమ్మెల్యేగా కూడా చేసి ఉంటే ఆ పింఛను వేరు. దీనికోసం జీతంలోంచి పైసా కట్టక్కర్లేదు. మాజీ ఎంపీల పింఛన్ల మీద వేసిన కేసును సుప్రీంకోర్టు 2018లో కొట్టేసింది. అది చట్టసభ తేల్చుకోవాల్సిన విషయమంది. సరే, చట్టసభనే అడుగుతున్నాం.

మా వెయ్యికి కూడా అదే సూచీ కట్టి చూశాను. 2014-15లో అది 240. 348కి వచ్చేసరికి వెయ్యి 1,450 అవుతుంది. దానితో ఎవరి ఆకలీ తీరదని నాకూ తెలుసు. కానీ కోశ్యారీ గారి అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2013లోనే కనీస పింఛను మూడు వేలు చెయ్యమంది. చెప్పింది ఎంపీలే, యూనియన్ నాయకులు కాదు. ఆ ఏటి సూచీ 220. వాళ్లు చెప్పిన మూడు వేలను అదే లెక్కలో పెంచితే 4,745 వస్తుంది. మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛనే 2024 జులై నుంచి నాలుగు వేలు ఇస్తున్నారు. అంటే మేం గొంతెమ్మ కోరికలేమీ కోరడం లేదు.

భత్యాల గురించి ఒక్క మాట. నియోజకవర్గ భత్యం నెలకు 87,000. దాని మీద పన్ను లేదు, ఖర్చుకు బిల్లులు పెట్టక్కర్లేదు. ఈ భత్యాల నిబంధనలు తయారుచేసే ఉమ్మడి కమిటీలో ఉండేదీ సభ్యులే. డ్యూటీ దిగాక డిపోలో సంచి బోర్లించి చిల్లరతో సహా లెక్క చెప్పిన మాకు ఇది మింగుడుపడదు. బ్రిటన్‌లో ఎంపీల ఖర్చుల బాగోతం బయటపడ్డాక 2009లో ఆ పనికి విడిగా స్వతంత్ర సంస్థనే పెట్టారు. మనకూ అలాంటిది రావాలి. ఎంపీల రైలు పాసు మీద కూడా చాలామంది రాస్తుంటారు గానీ, మా దగ్గర ఆ గొడవ లేదు. అమలాపురంలో రైలు ఉంటే కదా! బాలయోగి గారు స్పీకరుగా ఉండగా మంజూరైన కోటిపల్లి-నర్సాపురం లైను ఇంకా పూర్తి కాలేదు. గౌతమిలో లేచిన స్తంభాలు మాత్రం రేవులో నిలబడి చూసుకోవచ్చు.

గోదావరి జిల్లాల ఎంపీలందరికీ, పార్టీ ఏదైనా, నా విన్నపం ఇది. శుక్రవారం మధ్యాహ్నం ప్రైవేటు బిల్లులకు, అంటే మంత్రులు కాని సభ్యులు పెట్టే బిల్లులకు, సభలో సమయం ఉంటుంది. ఎంపీల పింఛను ఏ సూచీతో, ఏ తేదీన పెరిగితే, ఈపీఎస్ కనీస పింఛను కూడా అదే సూచీతో, అదే తేదీన పెరగాలని ఒక్క వాక్యం రాసి పెట్టండి. ఖర్చుతో కూడిన బిల్లుకు రాష్ట్రపతి సిఫారసు కావాలంటారేమో. ప్రశ్న అడగడానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు కదా, కనీసం అదైనా అడగండి. మీ తర్వాతి పెంపు 2028 ఏప్రిల్ 1న ఉంది. ఈలోగా మా పెన్షనర్లం ఈ లెక్క కాగితం పట్టుకుని మీ ఆఫీసులకు వస్తాం. ఏ రోజుల్లో తీసి ఉంటాయో ముందుగా చెబితే ఆటో ఖర్చు కలిసొస్తుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టర్,
అంబాజీపేట, కోనసీమ జిల్లా