ఎస్‌ఏ-1 కట్టలు విప్పడానికి పది రోజులివ్వండి

పాఠశాల విద్యాశాఖ సంచాలకులు గారికి,
నమస్కారం.

సమ్మేటివ్-1 (ఎస్‌ఏ-1, అర్ధ సంవత్సర పరీక్ష) ముగిసింది. మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించాం, జవాబు పత్రాలు కట్టగట్టి బీరువాలో పెట్టాం. ఇక చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో అడిగేది శాతం ఎంతనే. పిల్లలు ఎక్కడ ఆగిపోయారో మాత్రం ఆ కట్టల్లోనే ఉంది.

ఐదో తరగతి లెక్కల పేపర్లో 402లోంచి 178 తీసేయమన్నారనుకోండి. ఒక పాప 376 అని రాస్తుంది, ఇంకో పాప 234 అని. ఇద్దరికీ సున్నా మార్కులే, ఇద్దరి పేర్లూ వెనుకబడిన పిల్లల జాబితాలోకే. కానీ మొదటి పాప ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తోంది, అప్పు తెచ్చుకోవడమే తెలియదు. రెండో పాపకు తెలుసు. మధ్యలో సున్నా ఉండేసరికి, అక్కడ 10 కాస్తా 9 అవుతుందన్నది మరిచిపోయింది. ఆమెకు నాలుగు ఉత్తుత్తి వంద నోట్లు, రెండు రూపాయి బిళ్లలు ఇచ్చి 178 ఇమ్మని అడిగితే చాలు. వంద నోటు మార్చి పది పది నోట్లు, అందులో ఒకటి మార్చి పది బిళ్లలు తెచ్చుకుంటుంది. చేతిలో పది నోట్లు తొమ్మిదే మిగిలాయని తనే చూస్తుంది. ఒక పీరియడ్ పని. మొదటి పాపకు స్థాన విలువ నుంచి మొదలుపెట్టాలి, వారం పైనే పడుతుంది. ఇద్దరినీ ఒకే గుంపులో కూర్చోబెట్టి ఎక్కాలు వల్లె వేయిస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

కాగితం చెప్పనిది నోటితో అడగాలి. ఒక్కొక్కరికి 6 నిమిషాలు, 30 మందికి మూడు గంటలు, అంటే 45 నిమిషాల పీరియడ్లు నాలుగు. దేవరకొండ, చందంపేట తండాల్లో ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలు ఒత్తు తప్పకుండా తెలుగు పేరా చదివేస్తారు, అందులో ఏముందని అడిగితే చెప్పలేరు. ఇంకొందరు ‘వచ్చాడు’ను ‘వచాడు’ అని చదివినా కథ మొత్తం చెప్తారు. అందుకే చదవడం, అర్థం చేసుకోవడం వేరువేరు గడుల్లో రాయాలి. 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం వచ్చాక రాత లెక్కల్లోనూ ఇదే చిక్కు. ప్రశ్నను తెలుగులో చదివి వినిపించండి. పిల్లవాడు చేసేస్తే లోటు లెక్కలో లేదు, భాషలో ఉంది.

మార్కుల పక్కన హాజరు పట్టీ కూడా పెట్టుకోవాలి. గద్వాల వైపు విత్తన పత్తిలో పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ పనులు, నల్లగొండలో పత్తి ఏరుడు, నారాయణపేట, కొడంగల్ తండాల నుంచి వలసలు. బడికి రాని రోజుల్లో ఏ పాఠం పోయిందో ఆ పేరు పక్కనే రాస్తే, కొత్తగా చెప్పాల్సిందేదో మళ్లీ చెప్పాల్సిందేదో తేలుతుంది. వలస వెళ్లే పిల్లలకు టీసీతో పాటు ఏం వచ్చో ఏం రాదో ఒక పేజీ రాసి ఇవ్వాలి. లేకుంటే అక్కడి టీచరు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

తల్లిదండ్రుల మీటింగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఏరుడు రోజుల్లో పగటి పూట పెడితే కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? సాయంత్రం ఆరు దాటాక, తండాలోనే పెట్టుకునే వీలివ్వండి. మార్కుల కార్డు చదివి వినిపించకుండా, పిల్లల నోట్‌బుక్ తెరిచి చూపిస్తాం.

పదో తరగతిని కదిలించమనడం లేదు, వాళ్లకు సిలబస్ జనవరి 10కే ముగియాలి. ఒకటి నుంచి తొమ్మిది వరకు పది పనిదినాలు తెలుగు, లెక్కల పీరియడ్లలో కొత్త పాఠం వద్దనండి. ఫిబ్రవరి 28 సిలబస్ గడువును మార్చి మొదటి పది రోజుల దాకా జరిపితే సరిపోతుంది, ఏడాది చివరి పరీక్ష ఎస్‌ఏ-2 ఎలాగూ ఏప్రిల్‌లోనే. ఇద్దరే టీచర్లున్న బళ్లకు ఆ పది రోజులు సీఆర్పీలను (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లను) వివరాల సేకరణకు కాకుండా తరగతి చూసుకోవడానికి పంపండి. విద్యా హక్కు చట్టం సెక్షన్ 24 టీచరుకు అప్పగించిన పని కూడా ఇదే: ప్రతి పిల్ల నేర్చుకునే స్థాయి చూడటం, అవసరమైతే అదనంగా చెప్పడం.

ఒక్క మాట సర్క్యులర్లో తప్పక ఉండాలి: ఈ పది రోజుల్లో బయటపడే లోటు చూపి ఏ టీచరుకూ మెమో ఇవ్వబోమని. ‘చదవలేరు’ అని నిజం రాసినందుకు సంజాయిషీ అడిగితే, వచ్చే ఏడు రిజిస్టర్లో అందరూ చదివేస్తారు, బడిలో మాత్రం చదవరు. ఏడాది మధ్యలో జరిగే ఫార్మేటివ్‌ మదింపుల్లో లఘు పరీక్ష మార్కులు అంచనాగా వేసే అలవాటు ఈ భయం వల్లే పెరిగింది.

సంక్రాంతి సెలవులు మొదలయ్యేలోపు ఆ సర్క్యులర్ మండలాలకు చేరితే, బడి తెరిచిన రోజునే కట్టలు విప్పుతాం.

ఇట్లు,
ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల ప్రభుత్వ బడి టీచర్లం కొందరం