249 గ్రాములని అమ్మిన డ్రోన్, ఉబ్బిన రెండు పెద్ద బ్యాటరీలు: ఫిర్యాదు

కర్నూలు,
మే 19, 2025.

ఫిర్యాదుల అధికారి గారికి,

అయ్యా,

మార్చి నెలలో మీ వెబ్‌సైట్ ద్వారా కొన్న కెమెరా డ్రోన్ కాంబో గురించి ఈ ఫిర్యాదు. బిల్లు, ఫొటోలు, వారంటీ వర్తించదని మీ సర్వీస్ సెంటర్ పంపిన మెయిలు జతపరిచాను. కాంబోలో ఒక మామూలు బ్యాటరీ, రెండు పెద్ద బ్యాటరీలు, మూడు గదుల చార్జింగ్ హబ్ వచ్చాయి. డ్రోన్‌తో, కెమెరాతో నాకు పేచీ లేదు. సమస్యంతా ఆ పెద్ద బ్యాటరీలది.

రెండూ ఉబ్బాయి. యాప్‌లోని బ్యాటరీ వివరాల ప్రకారం ఒకటి 11 సార్లు, రెండోది 14 సార్లు మాత్రమే చార్జ్ అయ్యాయి. రెండో బ్యాటరీని నిండా చార్జ్ చేస్తే ఒక సెల్ 4.18 వోల్టులు, పక్క సెల్ 4.04 వోల్టులు చూపిస్తోంది. ఇంత కొత్త బ్యాటరీలో ఆ తేడా రాకూడదు. మధ్యభాగంలో మందం సుమారు 2 మిల్లీమీటర్లు పెరిగింది. ఇంతేగా అనుకోవద్దు. ఈ మోడల్‌లో బ్యాటరీని వెనక నుంచి తోస్తే రెండు వైపులా క్లిప్పులు టక్కుమని పడాలి. ఉబ్బిన బ్యాటరీకి ఒక పక్క క్లిప్పే పడుతోంది. అయినా యాప్ ఏ హెచ్చరికా ఇవ్వదు, మోటార్లు తిరుగుతాయి. అలా ఎగరేస్తే ఒక్క గాలి కుదుపుకు బ్యాటరీ వెనక్కి జారుతుంది. కరెంటు తెగాక రిటర్న్ టు హోమ్ (డ్రోన్ తనంతట తాను బయలుదేరిన చోటికి తిరిగి రావడం) కూడా ఉండదు, డ్రోన్ కింద ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం.

"అధిక ఉష్ణోగ్రత వల్ల జరిగిన నష్టం, వినియోగదారుడి నిర్లక్ష్యం" అని మీ సర్వీస్ సెంటర్ రాసింది. దీన్ని ఒప్పుకోను. చార్జింగ్ 5 నుంచి 40 డిగ్రీల మధ్య చేయాలని మీ మాన్యువల్ చెబుతోంది. చార్జింగ్ అంతా తెల్లవారుజామున, గది 33 డిగ్రీలు దాటకముందే జరిగింది. అసలు తప్పు హబ్‌లో ఉంది. పాతిక నిమిషాలు ఎగిరి దిగిన బ్యాటరీ లోపల 50 డిగ్రీలు దాటి ఉంటుంది. దాన్ని పెట్టగానే హబ్ ఆగాలి, చల్లారాకే చార్జింగ్ మొదలుపెట్టాలి. 52 డిగ్రీలు చూపిస్తున్న బ్యాటరీని పెట్టి పరీక్షించాను. నిమిషం లోపే పచ్చలైటు వెలిగి చార్జింగ్ మొదలైంది. వీడియో జతపరిచాను. అంటే బ్యాటరీలో సెన్సర్ ఉంది, యాప్ దాన్ని చదువుతోంది, హబ్ మాత్రం పట్టించుకోవడం లేదు.

రెండో కారణం సెట్టింగుల్లో ఉంది. నిండా చార్జ్ చేసి వాడకుండా ఉంచిన బ్యాటరీ కొన్ని రోజులకు తనంతట తాను 60 శాతం దగ్గరికి దిగిపోవాలి. మీ యాప్‌లో ఆ గడువు 10 రోజులకు పెట్టి ఉంది. నిండు చార్జ్, వేడి కలిస్తే లిథియం పాలిమర్ సంచిలోని ఎలక్ట్రోలైట్ విచ్ఛిన్నమై గ్యాస్ పుడుతుంది, ఉబ్బు అదే. ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు దాటే కర్నూలులో, మిద్దె కింది గదిలో, 10 రోజులు నిండు చార్జ్‌తో పడి ఉంటే ఏ బ్యాటరీ తట్టుకుంటుంది? రాయలసీమకు ఈ గడువు 2 రోజులుండాలి. మెనూ లోపల మూడో పేజీలో దాచిన ఆ అంకెను మొదటిసారి డ్రోన్ కొన్నవాళ్లు వెతికి మార్చుకుంటారని ఎలా అనుకున్నారు?

ఇంకా విచిత్రం, ఉబ్బిన బ్యాటరీలను హైదరాబాద్‌కు కొరియర్ చేయమన్నారు. పాడైన లిథియం బ్యాటరీలను విమానంలో పంపడం నిషిద్ధం. విషయం చెబితే కొరియర్ వాళ్లు తీసుకోరు, చెప్పకుండా పంపడం నేరం. ప్రస్తుతం అవి ఇసుక పోసిన ఇనుప డబ్బాలో, ఇంటి బయట నీడలో ఉన్నాయి. రోడ్డు మార్గంలో తీసుకెళ్లే ఏర్పాటు మీరే చేయాలి.

ఇక బరువు సంగతి. నా ఒక్కడి బ్యాటరీలు మార్చేస్తే తీరేది కాదిది. మీ పేజీ మీద, పెట్టె మీద పెద్ద అక్షరాలతో 249 గ్రాములు అని ఉంది. బంగారం తూచే కాటా మీద పెట్టించాను. మామూలు బ్యాటరీతో 248.6 గ్రాములు, మీ మాట నిజమే. పెద్ద బ్యాటరీతో 289.8 గ్రాములు. ఎందుకంటే మామూలు బ్యాటరీ 80.4, పెద్దది 121.6. పంకల చుట్టూ పెట్టే గార్డులు తగిలిస్తే ఇంకా పెరుగుతుంది. ఈ బరువు మీ పేజీలో ఎక్కడా లేదు.

ఆ 41 గ్రాములతో చట్టం మారిపోతుంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల వరకు నానో, అది దాటి 2 కిలోల వరకు మైక్రో. నానోకు టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్ ప్రమాణాలకు తగినదన్న ధ్రువీకరణ), థర్డ్ పార్టీ బీమా అక్కర్లేదు. మైక్రోకు రెండూ కావాలి. సొంత సరదాకైతే మైక్రోకు కూడా పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు కాబట్టి, "లైసెన్స్ అక్కర్లేదు" అన్న మీ ప్రకటన అంతవరకు సరే. కానీ ఇదే కాంబోను పెళ్లి వీడియోల కోసం స్టూడియోల వాళ్లు కొంటున్నారు. డబ్బు తీసుకుని మైక్రో ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ తప్పనిసరి. పోనీ, పద్ధతిగా నమోదు చేసుకుందామన్నా దారి లేదు. మైక్రో డ్రోన్‌కు 100 రూపాయలు కట్టి యూఐఎన్, అంటే డ్రోన్ గుర్తింపు నంబరు, తీసుకోవాలంటే ఆ మోడల్‌కు టైప్ సర్టిఫికెట్ నంబరు ఉండాలి. మీ పెట్టెలో గానీ బిల్లులో గానీ అది లేదు. అడిగితే మీ కస్టమర్ కేర్ జవాబివ్వలేదు. జరిమానా లక్ష రూపాయల దాకా పడితే కట్టాల్సింది కొన్నవాళ్లే.

కొత్తగా డ్రోన్ పట్టినవాళ్లకు మొదటి రెండు వారాల్లోనే మామూలు బ్యాటరీ చాలదనిపిస్తుంది. తుంగభద్ర మీద పొద్దు పొడవడం ఒకసారి పైనుంచి చూసినవాళ్లు ఇంకో పది నిమిషాలు ఉంటే బాగుండుననుకుంటారు. ఆ ఆశ చాలా మంచిది, ఈ అభిరుచి నిలిచేదే దాని మీద. ఆ ఆశకే మీరు పెద్ద బ్యాటరీ అమ్ముతున్నారు కాబట్టి దాని బరువు, దానితో వచ్చే బాధ్యత మీరే చెప్పాలి. ఇక్కడివాళ్లకు మొదట గుర్తొచ్చేది ఓర్వకల్లు రాళ్లు, విమానాశ్రయమూ ఆ ఊరి పక్కనే. విమానాశ్రయం హద్దు నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల ఎత్తు వరకే గ్రీన్ జోన్ (అనుమతి అడగకుండా ఎగరేయగల ప్రాంతం) అని, ఇంకా దగ్గరికి పోతే అనుమతి లేకుండా ఎగరేయరాదని మీ యాప్ మ్యాప్ చూపించదు.

కాంబోలో ఇచ్చిన మెమరీ కార్డు కూడా మార్చండి. మీ 4కే వీడియోకు సెకనుకు 100 మెగాబిట్లు, అంటే 12.5 మెగాబైట్లు రాయాలి. మీరిచ్చిన క్లాస్ 10 కార్డు హామీ ఇచ్చేది 10 మాత్రమే. అందుకే రికార్డింగ్ మధ్యలో ఆగుతోంది. అంతకంటే వేగంగా రాసే వీ30 రకం కార్డు ఇవ్వండి.

రెండు పెద్ద బ్యాటరీలకు, హబ్‌కు నేను చెల్లించిన సొమ్ము వాపసు ఇవ్వండి. మళ్లీ అవే బ్యాటరీలు వద్దు, వాటి బదులు రెండు మామూలు బ్యాటరీలు ఇచ్చినా సమ్మతమే. హబ్ వేడి బ్యాటరీని ఆపేలా సాఫ్ట్‌వేర్ సరిచేసి, ఈ కాంబో కొన్న అందరికీ తెలియజేయండి. పెద్ద బ్యాటరీతో ఎంత బరువో పేజీ మీద, పెట్టె మీద 249 పక్కనే అంతే పెద్ద అక్షరాలతో వేయండి. టైప్ సర్టిఫికెట్ ఉంటే నంబరు ఇవ్వండి, లేకపోతే లేదని రాసి, పెద్ద బ్యాటరీని మన దేశంలో అమ్మడం ఆపండి.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఈ ఫిర్యాదు అందినట్లు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. లేనిపక్షంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915లో నమోదు చేసి, కర్నూలు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కొన్నవారు నివసించే చోటే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. బ్యాటరీలు తీసుకెళ్లడానికి ఎవరిని, ఏ రోజు పంపుతున్నారో ముందు అది తెలపండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
కర్నూలు.

జతపరిచినవి: బిల్లు, ఉబ్బిన బ్యాటరీల ఫొటోలు 6, కాటా మీద బరువుల ఫొటోలు 4, హబ్ పరీక్ష వీడియో, సర్వీస్ సెంటర్ మెయిలు.