మమ్మల్ని ఒక్కసారి ఒకచోట కూర్చోబెట్టండి: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. యూనివర్సిటీల్లో కళా, డిజైన్ విభాగాలు నడిపే మమ్మల్ని ఏడాదికోసారి ఒకచోట కూర్చోబెట్టమని అడుగుతూ మీకు నేను రాస్తున్న ఐదో ఉత్తరమిది. ముందు రాసిన నాలుగూ వినతిపత్రాలు. రెండు మీ పేషీలో స్వయంగా ఇచ్చాను, రెండు మా రిజిస్ట్రార్ గారి ద్వారా పంపాను. ఒక్కదానికే జవాబు వచ్చింది. "మీ విజ్ఞప్తి పరిశీలనలో ఉంది" అని ఒకే వాక్యం. అది వచ్చి పద్నాలుగు నెలలైంది. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. మిమ్మల్ని నొప్పించాలని కాదండీ, ఇంకో దారి కనిపించక.

మా విద్యార్థుల వార్షిక ప్రదర్శనకు మీరు వచ్చిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. గ్రాఫిక్స్ (అచ్చు చిత్రకళ) గదిలో, యాసిడ్‌తో లోహపు పలక మీద చెక్కిన బొమ్మను కాగితం మీదికి అచ్చు తీసే ఎచింగ్ ప్రెస్ దగ్గర ఆగి, చక్రం మీరే తిప్పి, కాగితం మీద బొమ్మ లేచి రావడం చూసి ఎంతో సంతోషించారు. తర్వాత వేదిక మీద ఒక మాట అన్నారు. ఫైన్ ఆర్ట్స్, డిజైన్ విభాగాల అధిపతులందర్నీ ఏడాదికోసారి ఒకచోట కూర్చోబెడతామని, మా సమస్యలు మేమే చెప్పుకుని, పరిష్కారాలూ మేమే రాసిస్తే అమలు చేస్తామని. ఆ రోజు నా పక్కన కూర్చున్న డిజైన్ విభాగం మేడమ్ గారు నా చెయ్యి పట్టుకుని "విన్నారా సార్" అన్నారు. విన్నాను. అప్పటి నుంచీ ఎదురుచూస్తూనే ఉన్నాను.

నేను శిల్పిని. నాలుగేళ్లుగా విభాగానికి ఇన్‌చార్జి అధిపతిని. 'ఇన్‌చార్జి' అన్న మాట బరువు మీకు తెలియనిది కాదు. ఆర్నెల్లకోసారి పొడిగింపు ఉత్తర్వు వస్తుంది. అది వచ్చేదాకా ఏ ఫైలు మీద సంతకం పెట్టాలన్నా టెన్షన్. బాధ్యతలు అప్పగించిన రోజు ముందున్న మాస్టారు నాకు ఒక తాళాల గుత్తి, మూడు స్టాక్ రిజిస్టర్లు ఇచ్చారు. ఆయన్ని తప్పుపట్టను. ఆయనకూ ఎవరో అలాగే ఇచ్చి వెళ్లారు. బొమ్మ చెయ్యడం నాకు గురువులు నేర్పారు. బడ్జెట్ ప్రతిపాదన రాయడం, టెండరు పిలవడం, ఆడిట్‌కు సమాధానం చెప్పడం, అలిగిన ఇద్దరు అధ్యాపకుల మధ్య కూర్చుని టైమ్‌టేబుల్ వెయ్యడం, ఇవి ఎవరూ నేర్పలేదు. నేర్చుకుందామంటే అడగడానికి మనిషి లేడు.

ఇంజినీరింగ్ డీన్‌కి పక్క కాలేజీ డీన్ ఉంటాడు. ఫిజిక్స్ హెడ్‌కి సందేహం వస్తే కెమిస్ట్రీ హెడ్ గది పది అడుగుల దూరం, ఇద్దరి ప్రయోగశాలల అవసరాలూ ఇంచుమించు ఒకటే. మా గోడు మా యూనివర్సిటీలో మాకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. ఒక్క విషయం వివరంగా చెప్పనివ్వండి. మిగతావన్నీ ఇలాంటివే.

లైఫ్ స్టడీ క్లాసుకు మోడల్ కావాలి. మనిషి ఎదురుగా కూర్చుంటే తప్ప ఎముక ఎక్కడ ఆగుతుందో, బరువు ఏ కాలి మీద పడుతుందో విద్యార్థికి తెలియదు. ఫొటో చూసి నేర్చుకునేది కాదిది. మా దగ్గరికి ఒక పెద్దాయన వచ్చేవారు. మూడు గంటలు కదలకుండా కూర్చునేవారు. ఆయనకు డబ్బివ్వాలంటే బడ్జెట్‌లో పద్దు లేదు. రోజుకూలీ పద్దు కింద రాస్తే, కూలీ ఏం పని చేశాడని ఆడిట్ అడిగింది. కూర్చున్నాడని రాశాను. ఆ జవాబుకు మళ్లీ అభ్యంతరం వచ్చింది. గౌరవ వేతనం అని మార్చి పంపితే, ఆయన విద్యార్హతల పత్రాలు జతపరచమన్నారు. చదువుకోని మనిషి పత్రాలు ఎక్కడి నుంచి తేను? మూడేళ్లు నేనూ నా తోటి అధ్యాపకులూ తలా కొంత వేసుకుని ఇచ్చాం. నెల మొదట్లో ఇచ్చేవాళ్లం, ఒక్కోసారి నెలాఖరుకి గానీ ఇవ్వలేకపోయేవాళ్లం. ఆయన ఎప్పుడూ నోరు తెరిచి అడగలేదు. ఆ మౌనం నన్ను నిద్రపోనిచ్చేది కాదు.

ఇది ఎలా తీరిందో వినండి. నేను ఇంకో యూనివర్సిటీకి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్లాను. కళా విభాగాల అధిపతులం ఒకరి ముఖం ఒకరం చూసుకునేది ఆ పరీక్షల రోజుల్లోనే. మార్కుల షీట్లు నింపుతూ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పుకొచ్చాను. అక్కడి హెడ్ గారు నిదానంగా విని, లేచి వెళ్లి బీరువాలోంచి ఒక కాగితం తెచ్చారు. మోడల్ సిట్టింగ్‌కు రేటు నిర్ణయిస్తూ వాళ్ల ఫైనాన్స్ కమిటీ ఎప్పుడో చేసిన తీర్మానం అది. సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో సిలబస్‌తో పాటే లైఫ్ మోడల్‌ను తప్పనిసరి బోధన అవసరంగా చేర్చి, అక్కణ్నుంచి ఫైనాన్స్ కమిటీకి పంపించారు. ఫొటోస్టాట్ తీసుకుని ఇంటికొచ్చాను. రెండు సమావేశాల్లో మా దగ్గరా పని అయిపోయింది.

మూడేళ్ల బాధ మంత్రి గారూ, అరగంట మాటతో తీరిపోయింది. ఆ అరగంట మాకు ఎవరూ కల్పించలేదు, అనుకోకుండా దొరికింది. ఆ రోజు నాకు ఆ డ్యూటీ పడకపోతే ఆ పెద్దాయన ఇంకా మా జేబుల వైపే చూస్తూ ఉండేవారు. బదులుగా నేనూ వాళ్లకొకటి చెప్పాను. శిల్ప విభాగంలో మట్టి ఖర్చయిపోదు. బొమ్మ చేసి, దాని మౌల్డ్ (అచ్చు) తీసి, మట్టిని విరగ్గొట్టి తొట్టిలో నానబెట్టి మళ్లీ వాడతాం. వాడకంతో అయిపోయే వస్తువుగా రాస్తే ఇంకా ఎందుకు ఉందంటారు, ఆస్తిగా రాస్తే తూకం ఎందుకు తగ్గిందంటారు. రిజిస్టరులో దాన్ని ఎలా చూపించాలో మేం కిందామీదా పడి కనుక్కున్నాం. వాళ్లు అప్పటికి రెండేళ్లుగా దాని మీదే జవాబులు రాస్తున్నారట.

ఇలా ఎన్ని విభాగాలు ఎన్ని సమస్యలతో విడివిడిగా కుస్తీ పడుతున్నాయో ఆలోచించండి. ఎచింగ్‌కు వాడే యాసిడ్ నిల్వకు ఎవరి అనుమతి కావాలి, సిరామిక్ బట్టీకి కరెంటు లోడు ఎలా అడగాలి, విద్యార్థి చేసి వదిలేసిన బొమ్మ ఎవరి సొత్తు, ప్రదర్శనలో ఒక చిత్రం మీద గొడవ జరిగితే హెడ్ ఎక్కడ నిలబడాలి. ఈ చివరిది మాత్రం నియమాలతో తేలేది కాదు. అప్పుడు అనుభవమున్న మనిషి గొంతు ఫోన్‌లో వినపడాలి. "భయపడకండి, మా దగ్గరా జరిగింది, మేమిలా చేశాం" అని ఒకరు అంటే చాలు. ఆ ఫోన్ నంబరు కూడా లేకుండా అధిపతిని చేసి కుర్చీలో కూర్చోబెడుతున్నారు.

పైగా మాది ఒకే ఇంట్లో రెండు కాపురాల సంసారం. 1987 నాటి ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యామండలి) చట్టంలో సాంకేతిక విద్య అంటే ఏమిటో చెప్పేచోట ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్, మేనేజ్‌మెంట్, ఫార్మసీల సరసన అప్లయిడ్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ (ప్రకటనల బొమ్మల్లాంటి వాడుక కళలు, చేతిపనులు) కూడా ఉంది. పెయింటింగ్, శిల్పం ఆ మాటల్లో లేవు, అవి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) వైపు. ఆర్కిటెక్చర్ వాళ్లకు 1972 చట్టంతో సొంత కౌన్సిల్ ఉంది. మాకు అలాంటిది లేదు. జాతీయ ర్యాంకింగుల్లో ఆర్కిటెక్చర్‌కు, న్యాయవిద్యకు, ఫార్మసీకి విడి విభాగాలున్నాయి, లలిత కళలకు లేదు. విద్యాసంస్థల నాణ్యతను లెక్కగట్టే న్యాక్ వాళ్లు వస్తున్నారంటే పరిశోధన పత్రాలెన్ని అని మా మీద పడతారు. మా గ్రాఫిక్స్ మాస్టారు పదోన్నతికి దరఖాస్తు నింపుతూ, తన సోలో షోలు (తనొక్కరి బొమ్మలతో పెట్టిన ప్రదర్శనలు) ఏ గడిలో రాయాలో తెలియక కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చారు. నాకూ తెలియలేదు. ఇద్దరం చాలాసేపు ఆ కాగితం వైపే చూస్తూ కూర్చున్నాం. స్టూడియోలో రెండు గంటలు నిలబడితే ఒక గంట బోధనగా లెక్కగడతారు. ఆ లెక్క మీదే పోస్టులు. అందుకే సగం మంది గెస్ట్ ఫ్యాకల్టీ.

వీటన్నిటినీ మీరొక్కరే రాత్రికి రాత్రి సరిచేయాలని నేను అడగడం లేదు. కొన్ని మీ చేతిలో లేవనీ తెలుసు. ఒకచోట కూర్చోబెట్టడం మాత్రం మీ చేతిలోనే ఉంది.

ఇది మేం కొత్తగా కనిపెట్టిన కోరికా కాదు. అమెరికాలో కళా, డిజైన్ విద్యాసంస్థలు 1944లోనే జాతీయ సంఘంగా ఏర్పడ్డాయి. యూరప్‌లో కళా విద్యాసంస్థలు 1990 నుంచి ఒక్క కూటమిగా ఉన్నాయి. అంత దూరం ఎందుకు, మన రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా ఉన్న కూల్డ్రే దొర చిత్రకారుడు కూడా. కాలేజీ నడుపుతూనే దామెర్ల రామారావు చేతిలోని విద్యను గుర్తించి, బొంబాయిలోని జె.జె. ఆర్ట్స్ స్కూలుకు దారి చూపించారు. అడివి బాపిరాజు గారూ ఆయన శిష్యులే. రామారావు గారు తిరిగొచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టారు. 1925లో, ముప్ఫై ఏళ్లయినా నిండకుండానే పోయారు. బాపిరాజు గారు తర్వాత బందరు జాతీయ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. ఒక ప్రిన్సిపాల్ మనసుపెట్టి చూస్తే ఇంత జరిగింది. మద్రాసు ఆర్ట్స్ స్కూలు ప్రిన్సిపాల్‌గా ఉండగానే కె.సి.ఎస్. పణిక్కర్ గారు 1966లో విద్యార్థుల్నీ తోటి కళాకారుల్నీ కలుపుకుని మద్రాసు దగ్గర చోళమండలం అనే కళాకారుల ఊరు కట్టారు. పరిపాలన అనేది కళకు శత్రువని నేను నమ్మను. ఒంటరితనం మాత్రం శత్రువే.

ఈ నాలుగేళ్లలో నేనొక్క పెద్ద శిల్పం కూడా పూర్తి చేయలేదు. తడిగుడ్డ మార్చే తీరిక లేక ఒక మట్టి తల ఎండి బీటలిచ్చింది. పోనీ, నా సంగతి వదిలేయండి. నా తర్వాత ఈ కుర్చీ తీసుకోమంటే మా విభాగంలో ఎవరూ ముందుకు రావడం లేదు. నలభై ఏళ్లు నిండని మంచి కళాకారిణి ఒకరున్నారు. పిల్లలకు ఆమె మాటంటే గురి. ఆమెను అడిగితే "సార్, మిమ్మల్ని రోజూ చూస్తున్నాను కదా" అన్నారు. నాయకత్వం మీద శిక్షణ శిబిరాలు పెట్టే మీ శాఖ ఈ మాట వినాలి. మమ్మల్నీ ఒకసారి అలాంటి శిబిరానికి పంపారు. మూడు రోజులూ కంపెనీ మేనేజర్ల ఉదాహరణలే చెప్పారు. చెప్పినవాళ్లు మంచివాళ్లే, మా స్టూడియో మాత్రం ఎన్నడూ చూసినవాళ్లు కాదు.

మళ్లీ అడుగుతున్నాను. ఏడాదికి రెండు రోజులు. ఫైన్ ఆర్ట్స్, అప్లయిడ్ ఆర్ట్, డిజైన్ విభాగాలు నడిపేవాళ్లందరినీ, ఇన్‌చార్జిలనూ గెస్ట్ ఫ్యాకల్టీ నుంచి వచ్చి బాధ్యత మోస్తున్నవాళ్లనూ కలిపి, ఏదో ఒక యూనివర్సిటీలో సమావేశపరచండి. దాన్ని డ్యూటీగా గుర్తిస్తూ ఒక ఉత్తర్వు ఇప్పించండి. లేకపోతే సెలవు పెట్టుకుని, సొంత డబ్బుతో ఎంతమంది రాగలరు? హోటల్ వద్దు, శాలువాలు వద్దు, విద్యార్థుల హాస్టల్‌లో పడుకుంటాం. మొదటి రోజు ఎవరి తీర్మానాలు, ఎవరి రిజిస్టర్లు వాళ్లు తెచ్చుకుంటాం. అక్కడ తేలినవి మీకు రాసిస్తాం. కళా విద్య మీద మీరు వేసే ఏ కమిటీలోనైనా స్టూడియో నడిపిన మనిషి కనీసం ఒక్కరైనా ఉండేలా చూడండి. పోయినసారి వేసిన కమిటీలో ఒక్కరూ లేరు. ఆ జాబితా చూసిన రోజు మా విభాగంలో ఎవరం ఎవరితోనూ సరిగ్గా మాట్లాడుకోలేదు.

కుదరదంటే కుదరదనైనా చెప్పండి. "పరిశీలనలో ఉంది" అన్న మాట మాత్రం మళ్లీ పంపకండి, దయచేసి.

నా ఇన్‌చార్జి గడువు ఈసారి వచ్చే నెలాఖరుతో ముగుస్తుంది. పొడిగించినా, పొడిగించకపోయినా, మోడల్ తీర్మానం, మట్టి రిజిస్టరు, ఆడిట్ జవాబులు కాపీలు తీయించి ఒక ఫైలుగా కట్టి ఉంచాను. ఏ యూనివర్సిటీ వాళ్లు అడిగినా పంపుతాను. మీరు సమావేశం పెడితే నేనే పట్టుకొస్తాను.

భవదీయుడు,
ఒక విశ్వవిద్యాలయ లలిత కళల విభాగం ఇన్‌చార్జి అధిపతి