ఆరు పెట్టలుంటే కోళ్ళఫారమా?

సంపాదకులకు నమస్కారాలు.

పన్నెండు రోజుల కిందట మీ పత్రిక చిత్తూరు జిల్లా పేజీలో, ఇళ్ళ మధ్య కోళ్ళూ మేకలూ పెంచితే జరిమానా తప్పదన్న వార్త వచ్చింది. వచ్చిన రోజే చదివి, ఇటువంటివి ఎన్ని చూడలేదని ఊరుకున్నాను. నిన్న ఉదయం కోడిగూటి కింద పరచడానికి పాత కాగితాలు తీస్తుంటే అదే వార్త మళ్ళీ కంటబడింది. ఇంతలో మా వీధికి అధికారుల నోటీసు కూడా వచ్చింది కాబట్టి ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు. మీ పత్రికను గూటి కింద పరుస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. చదివిన తరువాతే పరుస్తాను.

ఈ నెలాఖరులోగా ఇళ్ళలోని కోళ్ళు, మేకలు, గొర్రెలు అన్నింటినీ తరలించాలని, లేకపోతే స్వాధీనం చేసుకుంటామని ఆ నోటీసు సారాంశం. ఒకే పేజీలో ‘ప్రజారోగ్యం దృష్ట్యా’ అన్న మాట మూడుసార్లు వచ్చింది. దాన్ని తెచ్చి ఇచ్చిన అబ్బాయి మా ఇంటి ముందరి మురుగుకాలువను దాటలేక, పక్కింటివారు వేసిన బండ మీద కాలు పెట్టి, ప్యాంటు మడిచి పట్టుకుని లోపలికి వచ్చాడు. ఆ కాలువలో పూడిక తీసి ఎన్నాళ్ళయిందో అతనికీ తెలియదు, నాకూ గుర్తు లేదు. దాని ప్రస్తావన మాత్రం నోటీసులో ఒక్కసారి కూడా లేదు.

మా ఇంట్లో ఉన్నవి ఆరు పెట్టలు. నాలుగు పెరటి పెంపకం కోసం తయారుచేసిన గ్రామప్రియ రకం, రెండు నాటువి. పెరట్లో మునగచెట్టు కింద ఇటుకల మీద ఎత్తుగా కట్టిన గూడు, చుట్టూ వల. పుంజు లేదు. తెల్లవారుజామున నాలుగు గంటలకే కూస్తున్నదని ఎదురింటివారు చెప్పినప్పుడు, వారి మాటలో న్యాయముందనిపించి, ఉన్న ఒక్క పుంజునూ పలమనేరులోని మా చెల్లెలి ఇంటికి పంపించాను. పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయన్న సంగతి, నన్ను విచారించడానికి వచ్చిన ఉద్యోగికి నేనే చెప్పవలసి వచ్చింది. కోళ్ళ మీద ఉత్తర్వులు అమలు చేసేవారికి కోడి గురించి ఈ మాత్రం తెలియకపోవడం ఈ రోజుల్లో పెద్ద విశేషం కాదనుకోండి.

ఒక మనిషి ఏడాదికి 180 గుడ్లు తినాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఎప్పటినుంచో చెబుతున్నది. 2023-24లో దేశంలో తలకు అందిన గుడ్లు 103. గుడ్ల ఉత్పత్తిలో మన రాష్ట్రానిదే దేశంలో మొదటి స్థానం, సంతోషమే. అయితే ఉత్పత్తిలో మొదటి స్థానం వచ్చినంత మాత్రాన ప్రతి పళ్ళెంలోకీ గుడ్డు వచ్చినట్టు కాదు. మా ఇంట్లో నలుగురం ఉన్నాం కాబట్టి మాకు కావలసినవి 720. గ్రామప్రియ పెట్ట పెరట్లో తిరుగుతూ పెరిగినా ఏడాదికి నూట యాభైకి తగ్గకుండా పెడుతుంది, నాటుపెట్ట యాభై దాకా పెడుతుంది. అంటే నాలుగింటికి 600, రెండింటికి 100, వెరసి 700. ఇరవై గుడ్లు తప్ప ఇంటి అవసరం ఇంట్లోనే తీరిపోతున్నది. ఒక్కొక్క గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయని ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనుమరాలు తన పుస్తకం చూసి నాకు చెప్పింది.

ఆరూ ఖరీదైన దాణా తింటాయా అంటే అదీ కాదు. పెట్టకు రోజుకు నూరు, నూట ఇరవై గ్రాముల మేత కావాలి. ఇంట్లో కడిగి వంచిన బియ్యపు నూకలు, సంగటి గిన్నె అడుగున గీకిన మాడు, కాయగూరల తొక్కలు, మునగాకు పోగా, నేను కొనేది కొంచెం సజ్జలూ తౌడూ మాత్రమే. గుడ్డు పెంకు గట్టిగా ఉండడానికి తిన్న గుడ్ల పెంకులనే ఎండబెట్టి, దంచి, దాణాలో కలుపుతాను. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయండని పొద్దున్నే పాట పెట్టుకుని తిరిగే బండికి మా ఇంటి నుంచి తడి చెత్త వెళ్ళి రెండేళ్ళయింది. దీనికి మెచ్చుకోలు పత్రం అక్కరలేదు, నోటీసు ఇవ్వకుండా ఉంటే చాలు.

మేకల విషయంలో నేను అధికారులతో కొంతవరకు ఏకీభవిస్తాను. కట్టివేయకుండా వీధిలోకి వదిలిన మేక, మనిషి నాటిన మొక్కను బతకనివ్వదు. మా వీధి చివర నాటిన కానుగ మొక్కలు నాలుగూ అట్లాగే పోయాయి. అలా వదిలేవారికి జరిమానా వేయండి, ఎవరు కాదన్నారు? కానీ కొట్టంలో కట్టి, అవిశాకు కోసుకొచ్చి వేసి, రెండు మేకలను పెంచుకుంటున్న ముసలావిడకూ, నలభై మేకలను రోడ్డు మీదికి తోలేవారికీ ఒకే నోటీసు, ఒకే మొత్తం జరిమానా ఏమిటి? కాగితం మీద తేడా రాయడానికి సిరా చాలలేదా?

ఇక బర్డ్ ఫ్లూ. అడిగినప్పుడల్లా అధికారులు తీసే అస్త్రం ఇదే. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో అది వచ్చిన మాట వాస్తవం. పులికాట్, నేలపట్టు వైపు వలస పక్షులు వచ్చి వాలే నీటి అంచున బాతులనూ కోళ్ళనూ వదిలితే ప్రమాదం ఉంటుందని నేనూ ఒప్పుకుంటాను. వ్యాధి కనబడిన చోటునుంచి కిలోమీటరు లోపు కోళ్ళను చంపవలసి వస్తే, ఏడుస్తూ అయినా ఇస్తాం. అయితే వ్యాధి లేనప్పుడు, కొంగ వాలేంత నీళ్ళు కూడా లేని మా మెట్ట వీధిలో, వల లోపల ఉన్న ఆరు పెట్టలను ముందుజాగ్రత్త పేరుతో పట్టుకుపోవడం ఏ శాస్త్రం?

నిజానికి పెరటి కోళ్ళను ఏటా ఊడ్చిపెట్టుకుపోయేది బర్డ్ ఫ్లూ కాదు, కొక్కెర తెగులు. ఎండలు ముదిరే వేళకు మెడ వంకర పోయి, పచ్చగా పారి, రెండు మూడు రోజుల్లో గూళ్ళకు గూళ్ళే ఖాళీ అవుతాయి. దానికి టీకా ఉంది. పిల్ల పుట్టిన మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో లసోటా అనే టీకా చుక్క వేయాలి, ఎనిమిది వారాలకు సూది వేయించాలి. ఖరీదు కూడా పెద్దగా ఉండదు. చిక్కంతా ఆ టీకా మందు బుడ్డితోనే. చిన్నదంటే నూరు కోళ్ళకు సరిపడే మందు అందులో ఉంటుంది, ఒకసారి నీరు కలిపితే మంచులో పెట్టినా రెండు గంటల్లోపు వాడేయాలి. ఆరు కోళ్ళున్న నేను పశువుల ఆసుపత్రికి వెళ్ళి అడిగితే, అక్కడివారు ‘ఆరింటి కోసం బుడ్డి తెరవలేమమ్మా, నూరు కోళ్ళతో రండి’ అన్నారు. నూరు కోళ్ళను చంకన పెట్టుకుని ఏ బస్సు ఎక్కాలో వారే చెప్పి ఉంటే బాగుండేది.

చివరికి మా వీధిలోనూ వెనక వీధిలోనూ ఇల్లిల్లూ తిరిగి, తొమ్మిది ఇళ్ళవారిని ఒప్పించి, నా డబ్బుతోనే బుడ్డి కొని, సోడా అంగడిలో మంచు అడిగి ఫ్లాస్కులో పోసుకుని వచ్చాను. ఆదివారం పొద్దున్నే, కోళ్ళను ఇంకా గూళ్ళలోంచి వదలకముందే మొదలుపెట్టాం. కోడిని చంకలో ఇరికించుకుని, తల పక్కకు తిప్పి, కంట్లో ఒక్క చుక్క వేసి, అది రెప్ప కొట్టి చుక్కను లోపలికి తీసుకునేదాకా కదలకుండా పట్టుకోవాలి. తొందరపడి వదిలితే తల విదిలిస్తుంది, మందు మన చీర మీద పడుతుంది. ముప్పయి ఏడు కోళ్ళకు గంటన్నర పట్టింది. మిగిలిన మందంతా పారబోశాం. ఆ ఏడాది మా రెండు వీధుల్లో కొక్కెర తెగులుతో ఒక్క కోడి పోలేదు. ప్రజారోగ్యం మాట మూడుసార్లు రాసేవారు, నెలకొక ఆదివారం ఒక మనిషిని, ఒక మంచుపెట్టెను పంపితే ఈ పని వీధివీధికీ జరుగుతుంది.

ప్రభుత్వానికి కోళ్ళంటే గిట్టదని కాదు. జాతీయ పశుసంపద మిషన్ కింద సగం ఖర్చు రాయితీగా ఇస్తారు. అయితే కోళ్ళయితే కనీసం వెయ్యి తల్లికోళ్ళు ఉండాలి, మేకలయితే నూరు ఆడవి, ఐదు మగవి ఉండాలి. వెయ్యి ఉన్నవాడికి రాయితీ, ఆరు ఉన్నవారికి జరిమానా. ఇక మన పుంగనూరు ఆవు సంగతి చూడండి. మూడడుగులు మించని ఎత్తు, కొంచెం మేత, ఇంటికి సరిపడే చిక్కటి పాలు. చిన్న ఇంట్లో చిన్న పశువుగా ఇమిడినందుకే దానికి అంత మంచిపేరు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసంలో ఆ ఆవులకు మేత తినిపించిన ఫొటోలు చూసి జిల్లా అంతా మురిసిపోయింది. ఢిల్లీలో ఇంటి ఆవరణలో మన పశువు తిరిగితే మనకు గర్వకారణం. చిత్తూరులో మన పెరట్లో మన కోడి తిరిగితే మాత్రం ప్రజారోగ్య సమస్య!

నిబంధనలే వద్దని నేను అనడం లేదు. ఇంటికి పదికి మించి కోళ్ళు వద్దనండి, పుంజు వద్దనండి, గూటికీ పక్కింటి గోడకూ మధ్య ఇన్ని అడుగులు ఉండాలని చెప్పండి, రెట్ట వారానికి రెండుసార్లు తీసి ఎరువు గుంతలో వేయాలనండి, వేయనివారికి జరిమానా వేయండి. వచ్చి చూడండి కూడా. ఇవన్నీ ఒక్క పూట కూర్చుని రాయగలిగిన సంగతులు. పెంచరాదు అని రెండు ముక్కలు రాయడం అంతకన్నా తేలిక కాబట్టి అదే రాశారు. మీ విలేఖరి కూడా ఆ రెండు ముక్కలను ఉన్నదున్నట్టు అచ్చు వేశారే తప్ప, ఒక్క ఇంటి పెరట్లోకైనా వచ్చి చూసినట్టు నాకు అనిపించలేదు. వస్తే కాఫీ ఇస్తాను.

వచ్చేదేదో త్వరగా రావాలి. పలమనేరు నుంచి మా చెల్లెలు పంపిన పదకొండు గుడ్ల మీద మా నాటుపెట్ట ఒకటి పొదుగుకు కూర్చున్నది. మొన్న రాత్రి టార్చిలైటు వేసి చూస్తే తొమ్మిదింటిలో ఎర్రటి నరాలు కనిపించాయి. ఇరవై ఒక్క రోజుల లెక్క ప్రకారం పిల్లలు బయటికి వచ్చేది నోటీసు గడువు దాటిన నాలుగో రోజున. స్వాధీనం చేసుకోవడానికి వచ్చేవారు ఆ పెట్టను గంపతో సహా తీసుకువెళతారా, లేక గుడ్లను వేరే జాబితాలో రాసుకుంటారా అన్నది నోటీసులో లేదు. తెలిస్తే మీ పత్రికలో వేయించగలరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
చిత్తూరు.